పిల్లల మొదటి డ్రాయింగ్ ట్యాబ్లెట్‌కు తెర అక్కర్లేదు

నెల్లూరులో డీటీపీ, ఫ్లెక్సీ డిజైనింగ్ పనిలో ఉన్న నాలాంటివాళ్ల దగ్గరకు శుభలేఖకో, దుకాణం బోర్డుకో, పుట్టినరోజు బ్యానరుకో వచ్చిన తల్లిదండ్రులు ప్రూఫు చూసుకుని లేచే ముందు ఈ మధ్య తరచుగా ఒక మాట అడుగుతున్నారు. "మా పాప బొమ్మలు బాగా వేస్తుందండీ, కంప్యూటర్లో వేసుకునే ట్యాబ్ ఒకటి కొనిద్దామనుకుంటున్నాం, ఏది మంచిది?" నేను చెప్పే సమాధానం మారదు. తెర లేనిది, గీసే చోటు ఆరంగుళాల వెడల్పు ఉన్నది, ఐదు వేల రూపాయల లోపు దొరికే పెన్ ట్యాబ్లెట్ కొనండి, ఇంట్లో ఉన్న కంప్యూటరుకు తగిలించండి అంటాను. అది విన్న చాలామంది ముఖంలో కొంచెం నిరాశ కనిపిస్తుంది. తమ స్తోమతను చూసి తక్కువ రకం చెబుతున్నానని కొందరు, పిల్ల ప్రతిభకు అది సరిపోదేమోనని మరికొందరు అనుకుంటారు. బొమ్మలు వేసే పిల్లకు మొదటి పరికరం విషయంలో తక్కువ ధర ఒక లోపమని నేను ఒప్పుకోను. అది ఆ పరికరానికి ఉన్న మంచి గుణాల్లో మొదటిదని నా గట్టి నమ్మకం.

ఆన్‌లైన్‌లో డ్రాయింగ్ ట్యాబ్లెట్ అని వెతికితే ఒకదానితో ఒకటి సంబంధం లేని వస్తువులు కలగలిసి కనిపిస్తాయి. కొన్ని వందల రూపాయలకు దొరికే ఎల్‌సీడీ రైటింగ్ ప్యాడ్లు వాటిలో ఎక్కువ. నల్లటి పలక మీద ప్లాస్టిక్ పుల్లతో నొక్కితే గీత పడుతుంది, బటన్ నొక్కితే మొత్తం చెరిగిపోతుంది. వేసిన బొమ్మను దాచుకోవడానికి గాని, కంప్యూటరులోకి తీసుకోవడానికి గాని మామూలుగా వీలుండదు. ఒకప్పుడు మార్కాపురం పలక కొనిచ్చిన వయసుకు అది సరిపోతుంది, పదేళ్ల పిల్లకు సరిపోదు. ఆ పక్కనే మామూలు ఆండ్రాయిడ్ ట్యాబులూ, వాటితో పాటు అమ్మే రబ్బరు మొన స్టైలస్‌లూ ఉంటాయి. అలాంటి తెర వేలి స్పర్శను గుర్తించడానికి చేసినది. రబ్బరు మొన వేలికి బదులుగా పనిచేస్తుందే తప్ప, చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందో తెరకు తెలియదు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు చదువు కోసం పంచిన ట్యాబులు కూడా ఈ రకానివే కాబట్టి, "ఇంట్లో ట్యాబ్ ఉంది కదా" అనే మాట బొమ్మల విషయంలో నిలవదు. ప్రత్యేకమైన పెన్నుతో పనిచేసే గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్, ఆపిల్ పెన్సిల్‌తో ఐప్యాడ్ వంటివి నిజంగా మంచి పరికరాలే. అయితే వాటి ఖరీదు పాతిక వేలకు అటూ ఇటూ మొదలై పైకి పోతుంది.

ఇక పెన్ డిస్‌ప్లేలు. సినిమా వాళ్లు, యానిమేషన్ వాళ్లు తెర మీదే గీస్తూ కనిపించే వీడియోల్లో ఉండేవి ఇవే. హ్యూయాన్ కామ్వాస్, ఎక్స్‌పీ-పెన్ ఆర్టిస్ట్, వాకమ్ వన్ వంటి పేర్లతో వస్తాయి. వీటిలో చాలా వాటికి తెర ఉన్నా లోపల కంప్యూటర్ ఉండదు, వాటిని మళ్లీ ఒక కంప్యూటరుకో ల్యాప్‌టాప్‌కో కలపాల్సిందే. ఇరవై వేల దాకా పెట్టి కొన్న తరువాత ఈ సంగతి తెలిసి కంగారుపడిన తల్లిదండ్రులను నేను చూశాను.

నేను కొనమని చెప్పేది పుస్తకం అట్టలా పలుచగా ఉండే నల్లటి పలక, దానితో ఒక పెన్ను, ఒక యూఎస్‌బీ తీగ. పలక లోపల సన్నని తీగలు అడ్డంగా, నిలువుగా గడులుగా పరచి ఉంటాయి. వాటి నుంచి వెలువడే విద్యుదయస్కాంత సంకేతాన్ని పెన్నులోని చిన్న తీగచుట్ట అందుకుని తిరిగి పంపుతుంది. పెన్ను మొన ఎక్కడ ఉందో, ఎంత ఒత్తిడితో ఆనిందో పలక దాన్నిబట్టి లెక్క కడుతుంది. పెన్నుకు కావలసిన శక్తి కూడా పలక నుంచే అందుతుంది కాబట్టి దానికి బ్యాటరీ, ఛార్జింగు అక్కర్లేదు. 1983లో జపాన్‌లో మొదలైన వాకమ్ కంపెనీ పేరు తెచ్చుకున్నది ఈ పద్ధతితోనే. ఇప్పుడు చవకగా వచ్చే ఇతర కంపెనీల పెన్నులు కూడా చాలావరకు బ్యాటరీ లేనివే. పిల్లల కోసం కొనేటప్పుడు పెట్టె మీద ఈ మాట ఉందో లేదో తప్పక చూడాలి.

ఒత్తిడి తెలియడం ఎందుకంత ముఖ్యమో ముగ్గు వేసేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జారే తీరును బట్టే గీత సన్నగానో లావుగానో పడుతుంది, ఆ పట్టు తెలిసిన చేతి ముగ్గు దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. పెన్ ట్యాబ్లెట్ మీద కూడా చెయ్యి తేలిక చేస్తే గీత పలచబడుతుంది, ఆనిస్తే చిక్కబడుతుంది. ఒంగోలు గిత్త మూపురం పైకి లేచే చోట గీత బలంగా, గంగడోలు మడతల్లో తేలికగా సాగాలంటే పిల్ల చేతికి ఈ వెసులుబాటు ఉండాలి. మౌసుతో అది రాదు, రబ్బరు మొనతోనూ రాదు.

మా అక్క కావలిలో ఉంటుంది. మేనకోడలి కోసం నేను పట్టుకెళ్లిన పెట్టె విప్పి చూసి, "ఏందిరా ఇది, స్క్రీనే లేదు, పిల్ల ఎక్కడ చూసి గీస్తుంది?" అని అడిగింది. ఎక్కువమంది వేసే ప్రశ్న ఇదే, తేలిగ్గా తీసిపారేయదగింది కూడా కాదు. చెయ్యి బల్ల మీద ఒకచోట కదులుతుంటే గీత ఎదురుగా మరోచోట పడుతుంది. మొదట్లో ఇది ఇబ్బందే. వేసిన కన్ను ముక్కు పక్కకు జరిగిపోతుంది, గీత మొదలుపెట్టిన చోటికి తిరిగి రాదు. అయితే మౌసు వాడే ప్రతివాళ్లూ చేస్తున్నది ఇదే పని. చేతిని చూడకుండా తెర మీది బాణాన్ని చూస్తూ కదపడం పిల్లలు ఎవరూ నేర్పకుండానే పట్టేస్తారు. మేనకోడలు కొద్ది వారాల్లోనే చేతి వైపు చూడడం మానేసింది. పైగా ఇందులో ఒక మేలు ఉంది. తెర మీద వంగి గీసే పిల్ల మెడ వంచి, కళ్లను తెరకు జానెడు దూరంలో పెట్టుకుని కూర్చుంటుంది. తెర లేని పలకతో గీసే పిల్ల తల ఎత్తి, వెనక్కు జరిగి కూర్చుంటుంది. తన చెయ్యి బొమ్మకు అడ్డం రాదు కాబట్టి గీస్తున్నంతసేపూ బొమ్మ మొత్తాన్నీ చూస్తూ ఉంటుంది.

ఇప్పుడు ధర గురించి అసలు మాట చెబుతాను. పాతిక, ముప్పై వేలు పెట్టి కొన్న వస్తువు మధ్యతరగతి ఇంట్లో మామూలు వస్తువుగా ఉండదు. దానికి కవరు, దాన్ని పెట్టే చోటు, ఎప్పుడు తీయాలి, తమ్ముడు ముట్టుకోవచ్చా లేదా అనే నియమాలు ముందు వస్తాయి. నెల గడిచేసరికి "అంత పోసి కొన్నాం, రోజూ వేస్తున్నావా?" అనే మాట వస్తుంది. ఆ మాట అనేవాళ్లను నేను తప్పుపట్టలేను, వాళ్లు కష్టపడి కూడబెట్టిన డబ్బు అది. కాని ఆ క్షణం నుంచి బొమ్మలు వేయడం పిల్లకు తీర్చవలసిన బాకీ అవుతుంది. బొమ్మలు వేసే పిల్లలకు వేయని రోజులు కూడా కావాలి. వారం పాటు ఏమీ గీయకుండా తిరిగి, ఎనిమిదో రోజు మూడు గంటలు లేవకుండా కూర్చునే స్వేచ్ఛ లేకపోతే ఆ ఇష్టం ఎక్కువ కాలం బతకదు. మూడు, నాలుగు వేల రూపాయల వస్తువు దగ్గర పెద్దవాళ్లు లెక్క అడగరు. కింద పడితే బాధపడతారు కాని ఇల్లంతా మూగబోదు. చవక పరికరం పిల్లకు ఇచ్చే ముఖ్యమైన వసతి ఇదేనని, ఒత్తిడి స్థాయిలూ అంగుళాలూ దీని తరువాతే వస్తాయని నేను అంటాను.

తెర లేని పలకకు మరో గుణం ఉంది. అందులో ఏమీ లేదు. వీడియోలు లేవు, ఆటలు లేవు, మెసేజీలు లేవు. బొమ్మల కోసమని ఇచ్చిన ట్యాబ్ పది నిమిషాల్లో యూట్యూబ్ అవుతుందని భయపడే తల్లిదండ్రులకు ఇంతకంటే నమ్మకమైన ఏర్పాటు దొరకదు. కంప్యూటరులో ఆ ప్రమాదం లేదని కాదు, అది హాల్లో అందరి కళ్లముందు ఉంటుంది కాబట్టి గమనించడం తేలిక.

"ఇంకాస్త పెద్దయ్యాక మంచిదే కొనిద్దాం" అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. మన ఊళ్లలో పదో తరగతి దాటిన పిల్ల ఇంటర్మీడియెట్‌కు హాస్టల్లో చేరితే ఆ రెండేళ్లలో బొమ్మల పుస్తకం తెరవడానికి తీరిక దొరకదు. ఎనిమిదేళ్ల నుంచి పద్నాలుగు, పదిహేనేళ్ల దాకా మాత్రమే ఆ పిల్ల సాయంత్రాలు కొంతైనా తనవి. ఆ సంవత్సరాలను మంచి ట్యాబ్ కోసం డబ్బు కూడబెట్టడంలో గడిపితే, ట్యాబ్ వచ్చేనాటికి గీసే తీరిక ఉండదు. "ఫస్ట్ ర్యాంకు వస్తే కొనిస్తాం" అని బహుమతిగా ముడిపెట్టడం కూడా నాకు నచ్చదు. గణితంలో మార్కులకూ గీయాలనే కోరికకూ సంబంధం లేదు, ర్యాంకు రాని ఏడాది ఆ పిల్లకు బొమ్మలు ఇంకా ఎక్కువ అవసరం కావచ్చు. ఎవరూ అడగకుండానే నోటుపుస్తకం వెనక పేజీలు నింపుతున్నదంటే కొనడానికి ఆ ఒక్క ఆధారం చాలు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకైతే మాత్రం క్రేయాన్లు, వాటర్ కలర్లు, కావలసినంత కాగితం ఇవ్వడమే మేలు.

పరిమాణం దగ్గర కొంచెం లెక్క చూడాలి. పలక మీది గీసే చోటు మొత్తం తెరకు సరిపోయేలా అమరి ఉంటుంది. మామూలు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెర వెడల్పు సుమారు 13.6 అంగుళాలు. ఆరంగుళాల పలక మీద చెయ్యి ఒక అంగుళం కదిలితే తెర మీద గీత రెండుంబావు అంగుళాలు సాగుతుంది. అన్నిటికంటే చవకగా దొరికే నాలుగంగుళాల పలకల మీద అదే కదలిక మూడంగుళాలు దాటుతుంది, చేతి చిన్న వణుకు కూడా అంతగా పెద్దదై కనిపిస్తుంది. అందుకే నాలుగంగుళాలవి సంతకాలకూ ఆన్‌లైన్ పాఠాలకూ సరిపోతాయి గాని బొమ్మలకు ఇరుకు. పది అంగుళాలవి పెద్ద పిల్లలకు, బల్ల మీద చోటు ఉన్నవాళ్లకు మంచివి. చిన్న చేతులకు ఆరుకు నాలుగు, అంటే స్టూడియోలో ఇచ్చే ఫోర్-బై-సిక్స్ ఫొటో అంత చోటు, హాయిగా సరిపోతుంది.

ఇక్కడే పిల్లల ధైర్యాన్ని దెబ్బతీసే చిన్న విషయం ఒకటి ఉంది. వన్ బై వాకమ్ చిన్న సైజు పలక మీద గీసే చోటు 152 మిల్లీమీటర్లకు 95 మిల్లీమీటర్లు, ఈ వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి ల్యాప్‌టాప్ తెర నిష్పత్తికి సరిగ్గా కలవదు. దాంతో చెయ్యి గుండ్రంగా తిరిగినా తెర మీద సున్నా అడ్డంగా సాగి, పదో వంతుకు పైగా వెడల్పుగా పడుతుంది. పిల్ల తనకు సున్నా కూడా రావడం లేదనుకుంటుంది. డ్రైవర్ (పలకను కంప్యూటరుతో పనిచేయించే సాఫ్ట్‌వేర్) సెట్టింగుల్లో 'ఫోర్స్ ప్రపోర్షన్స్' అనే గడిలో టిక్కు పెడితే ఇది పోతుంది. మిగతా కంపెనీల సాఫ్ట్‌వేర్లలో కూడా వేరే పేరుతో ఇలాంటి ఏర్పాటు ఉంటుంది. ఎడమచేతి వాటం పిల్లలకు పలకను తిప్పి పెట్టుకునే ఏర్పాటు కూడా అక్కడే దొరుకుతుంది.

ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే ఒత్తిడి స్థాయిల అంకెను, అంటే చెయ్యి నొక్కే బలంలో ఎన్ని తేడాలను పలక గుర్తుపడుతుందో చెప్పే అంకెను, నేను పెద్దగా పట్టించుకోను. వన్ బై వాకమ్‌లో 2048 స్థాయిలు, హ్యూయాన్ హెచ్640పీలోనూ ఎక్స్‌పీ-పెన్ స్టార్ జీ640లోనూ 8192 స్థాయిలు ఉన్నాయి. నేర్చుకునే చేతికి ఈ తేడా గీతలో కనిపించదు. పెన్నును ఎంత తేలికగా ఆనిస్తే గీత మొదలవుతుందో అది ముఖ్యం. అది పెట్టె మీద రాయరు, ఎవరిదైనా తీసుకుని గీసి చూస్తేనే తెలుస్తుంది. ఈ మూడింటిలో ఏది తీసుకున్నా పిల్లకు అన్యాయం జరగదు. హ్యూయాన్‌కు పక్కన ఆరు బటన్లు ఉన్నాయి, వన్ బై వాకమ్‌కు అసలు లేవు, చిన్నపిల్లలకు లేకపోవడమే నయమని నాకు అనిపిస్తుంది. రెండున్నర వేలకూ ఐదు వేలకూ మధ్య ధర పండగ అమ్మకాలను బట్టి మారుతుంటుంది. వాడినది ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవచ్చు, పెన్ను అసలుదై ఉండి, కేబులు దూర్చే చోటు వదులు కాకుండా ఉంటే చాలు.

ఇంట్లో కంప్యూటరు లేకపోతే ఏం చేయాలన్నది న్యాయమైన ప్రశ్న. ఇప్పటి చాలా పెన్ ట్యాబ్లెట్లు ఓటీజీ (ఫోనుకు యూఎస్‌బీ వస్తువులను కలిపే ఏర్పాటు) ద్వారా ఆండ్రాయిడ్ ఫోనుకు తగులుతాయి, కొనే ముందు ఆ మోడల్‌కు ఆ సదుపాయం ఉందో లేదో చూసుకోవాలి. ఫోన్లో ఐబిస్ పెయింట్, మెడిబ్యాంగ్ వంటి యాప్‌లు చాలు. కాని ఫోను నిలువుగా ఉన్నప్పుడు కొన్ని పలకల మీద కొంత భాగమే పనిచేస్తుంది, తెర కూడా చిన్నది. కాబట్టి ఫోన్ ఒక్కటే ఉన్న ఇంటికి నేను తొందరపడి కొనమని చెప్పను. అన్నయ్య చదువైపోయి మూలన పెట్టిన పాత ల్యాప్‌టాప్ ఉంటే మాత్రం అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. దానికి క్రీటా అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించండి. అది ఓపెన్ సోర్స్ (లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంచినది), దాని సొంత వెబ్‌సైటు నుంచి ఉచితంగా దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్ స్టోరులో డబ్బు అడిగితే అది ఆ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసేవాళ్లకు ఇచ్చే సాయమే తప్ప తప్పనిసరి కాదు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రంలో పెద్ద బొమ్మలు నత్తనడక నడుస్తాయి గనుక, 1500 లేదా 2000 పిక్సెళ్ల కాన్వాసుతో, అంటే చిన్న సైజు కాగితంతో మొదలుపెట్టించండి. ఫ్రేము ఫ్రేముగా యానిమేషన్ చేసుకునే వీలు కూడా క్రీటాలో ఉంది. ఎగిరే బంతిని పదిపదిహేను ఫ్రేముల్లో ఆడించిన పిల్ల సంతోషం చూసిన తరువాత ఆ సాఫ్ట్‌వేర్ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. దొంగ కాపీ ఫొటోషాప్ మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, అందులో వైరస్‌ల భయం ఒకటైతే, బొమ్మకు ప్రాణం పోసే మనిషికి ఇంకొకరి శ్రమను దొంగిలించడం అలవాటు చేయడం మరొకటి.

డ్రాయింగ్ మాస్టార్లు కొందరు ఈ పరికరాలను గట్టిగా వ్యతిరేకిస్తారు. అన్‌డూ నొక్కితే తప్పు మాయమయ్యే చోట చేతికి గీత మీద భయభక్తులు పుట్టవని వాళ్ల వాదన. ఇందులో నిజం ఉంది. ఒకే గీతను ముప్పైసార్లు వెనక్కు తీసుకుని మళ్లీ వేసే పిల్లలను నేనూ చూశాను, వాళ్ల గీత బలపడదు. కాని దానికి మందు పరికరాన్ని ఆపడం కాదనుకుంటాను. బొమ్మను ముందు కాగితం మీద పెన్సిలుతో వేయించి, ఫోనుతో ఫొటో తీసి, క్రీటాలో అడుగు లేయరుగా, అంటే కింది పొరగా పెట్టి, దాని మీద కొత్త లేయరులో గీయిస్తే కాగితం పని కాగితానిదే, రంగుల పని ట్యాబ్లెట్‌దే అవుతుంది. తెర లేని పలక కంప్యూటరుకు కట్టుబడి ఉంటుంది కాబట్టి బయట చూసినదాన్ని గీయడానికి పిల్ల దగ్గర కాగితం తప్ప దారి లేదు. మైపాడు తీరంలో పడవలను, రొట్టెల పండగనాడు స్వర్ణాల చెరువు గట్టున జనాన్ని, చీమకుర్తి నుంచి గ్రానైటు దిమ్మెలు మోసుకొచ్చే లారీలను అక్కడికక్కడే చిన్న పుస్తకంలో గీసుకోవాలి. పరీక్షల సంగతి కూడా అంతే. రాష్ట్ర ప్రభుత్వం జరిపే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకూ, డిజైన్ కోర్సుల్లో చేరడానికి రాసే యూసీడ్‌లోని బొమ్మ భాగానికీ కాగితం మీది చేతే కావాలి.

మా వృత్తిలో చాలా పని నెట్‌ నుంచి దించుకున్న బొమ్మలను కత్తిరించి అతికించడంతో సాగిపోతుంది. ఫ్లెక్సీ రాక ముందు దుకాణాల బోర్డులూ, గోడరాతలూ బ్రష్షుతో వేసిన ఆర్టిస్టుల్లో కంప్యూటరు నేర్చుకుని నిలబడినవాళ్లను నేను దగ్గర నుంచి చూశాను. వాళ్లు పెన్ను పట్టుకున్న రోజున మిగతా వాళ్లం పని ఆపి చూసేవాళ్లం, ఎందుకంటే కాగితం మీద పండిన చెయ్యి పరికరం ఏదైనా దాన్ని లొంగదీసుకుంటుంది. అందుకే కాగితమా, ట్యాబ్లెట్టా అని అడిగితే నేను రెండూ కొనమంటాను. పరికరం చవకైతేనే కాగితం పనికి, అంటే మంచి డ్రాయింగ్ పుస్తకాలకూ, పెన్సిళ్లకూ, రంగులకూ డబ్బు మిగులుతుంది.

మిగిలినవి చిన్న విషయాలు. పెట్టె తెచ్చిన రోజు డ్రైవరును కంపెనీ వెబ్‌సైటు నుంచే ఎక్కించాలి. అంతకు ముందు మరో కంపెనీ డ్రైవరు ఉంటే దాన్ని తీసేయాలి, రెండూ ఉంటే ఒత్తిడి పనిచేయక పిల్ల పరికరం చెడిపోయిందనుకుంటుంది. మొన అరుగుతుంది, అది మామూలే, పెట్టెలో అదనపు నిబ్బులు ఇస్తారు. ఒక కంపెనీ పెన్ను మరో కంపెనీ పలక మీద సాధారణంగా పనిచేయదు కాబట్టి పెన్ను పోతే అదే మోడల్‌ది విడిగా ఎంతకు దొరుకుతుందో ముందే కనుక్కోవాలి. ఏడాది తరువాత పిల్ల మనసు సంగీతం మీదికో, ఆటల మీదికో మళ్లితే మందలించకుండా వదిలేయండి. పెన్ను, కేబులు, మిగిలిన నిబ్బులు అన్నీ అదే పెట్టెలో సర్ది ఉంచితే వీధిలో బొమ్మలు వేసే మరో పిల్లకు ఇవ్వడం తేలికవుతుంది.